ఏఎన్-32ను తిట్టే ముందు

మన వాయుసేన సరుకుల విమానం ఏఎన్-32 ఎక్కడ కూలినా, ఎక్కడ కనిపించకుండా పోయినా మన టీవీ చానళ్లలో ఒకటే పాట. పాతబడిపోయిన రష్యా విమానం, ఎగిరే శవపేటిక, ఎప్పుడో తుక్కు కింద అమ్మేయాల్సింది. రెండు రోజులు గట్టిగా మాట్లాడతారు, మూడో రోజు ఇంకో వార్త వస్తుంది, అంతే, ఆ విమానం ఊసు ఉండదు. ఈ మాటలంటే నాకు చాలా ఏళ్లుగా కోపం. విమానం మీద ప్రేమతో ఒక్కటే కాదు, ఉంది ఆ ప్రేమ కూడా, దాచుకోను. అసలు కోపం ఎందుకంటే, "పాతది కాబట్టి కూలింది" అనగానే మిగతా ప్రశ్నలన్నీ అక్కడితో ఆగిపోతాయి. ఆధునికీకరణ సగంలో ఎందుకు ఆగింది, ప్రమాదం జరిగితే సిగ్నల్ పంపాల్సిన పరికరం ఎందుకు పంపలేదు, దీని స్థానంలో రావాల్సిన విమానం ఇంకా కాగితం మీదే ఎందుకుంది, ఇవేవీ ఎవరూ అడగరు. ముసలిదాని మీద తప్పు తోసేస్తే అందరికీ సుఖం.

ముందు ఆ "రష్యా విమానం" సంగతి తేల్చుకుందాం. సోవియట్ విమానం అంటే సరే. గీసిందీ, కట్టిందీ మాత్రం కీవ్‌లో, అంటే ఇవాళ్టి ఉక్రెయిన్ రాజధానిలో. ఒలెగ్ ఆంటొనోవ్ డిజైన్ సంస్థ 1946లో సైబీరియాలోని నొవొసిబీర్స్క్‌లో మొదలై 1950ల్లో కీవ్‌కు మారింది. ఇంజిన్లు కూడా ఉక్రెయిన్‌లోని జపోరీజ్యావి. దీన్ని ఎందుకింత పట్టుకుని చెప్తున్నానంటే, 2014లో రష్యా, ఉక్రెయిన్ మధ్య గొడవ మొదలైన రోజు నుంచి మన విమానాల విడిభాగాల కష్టం అంతా ఈ ఒక్క విషయంలోనే ఉంది. ఫోన్ చేయాల్సిన ఊరేదో తెలియకుండా మనం విమానాన్ని తిడుతున్నాం.

దీని కథ మన దేశంతోనే మొదలైంది. 1948 మేలో ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ ఒక డకోటా సరుకుల విమానాన్ని లద్దాఖ్‌లోని లేహ్‌లో దింపారు. అప్పటి నుంచి వాయుసేనకు ఒకటే తలనొప్పి: ఆ ఎత్తుకు సరుకు ఎలా చేర్చాలి? లేహ్ విమానాశ్రయం సముద్రమట్టానికి దాదాపు 10,700 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత మన విశాఖలో ఉన్నదానికంటే నాలుగో వంతుకు పైగా తక్కువ. గాలి పలచబడితే మూడు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. రెక్కకు లేపే బలం తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది. ఎండెక్కితే ఇంకా పలచన. అందుకే అక్కడ విమానాలన్నీ పొద్దున్నే వచ్చి వెళ్లిపోతాయి. డకోటాలు, ఫెయిర్‌చైల్డ్ ప్యాకెట్లు, కారిబూలు, అన్నీ ఆ పని చేశాయి, కష్టపడి చేశాయి. ప్యాకెట్‌కైతే ఉన్న రెండు ఇంజిన్లు చాలక వీపు మీద ఒక చిన్న జెట్ ఇంజిన్ బిగించారు మనవాళ్లు. 1970లు వచ్చేసరికి ఇవన్నీ అరిగిపోయాయి.

ఆంటొనోవ్ దగ్గర అప్పటికే ఏఎన్-24 ప్రయాణికుల విమానం ఉంది, దాన్నుంచి పుట్టిన ఏఎన్-26 సరుకుల విమానం ఉంది. రెండూ జంట ఇంజిన్లవే, రెండూ వేల సంఖ్యలో తిరిగిన కుటుంబమే. కానీ ఏఎన్-26 ఒక్కో ఇంజిన్ దాదాపు 2,800 హార్స్‌పవర్. మైదానంలో చాలు, లేహ్‌లో చాలదు. కీవ్ ఇంజినీర్లు ఏం చేశారంటే, ఇంచుమించు అదే ఒంటికి ఏఐ-20 ఇంజిన్లు తగిలించారు, ఒక్కోటి 5,000 హార్స్‌పవర్ పైచిలుకు. నాలుగేసి ఇంజిన్లుండే ఐఎల్-18 లాంటి పెద్ద విమానాలకు వాడే ఇంజిన్ కుటుంబం అది. అంత శక్తి మింగాలంటే ప్రొపెల్లర్ పెద్దది కావాలి, నాలుగున్నర మీటర్లు దాటిన వ్యాసం. అంత పెద్ద ప్రొపెల్లర్ పాత చోట పెడితే విమానం ఒంటికి తగులుతుంది. అందుకని ఇంజిన్లను రెక్క పైకి ఎక్కించేశారు. ఏఎన్-32ను ఎప్పుడు చూసినా భుజాల మీద రెండు పీపాలు మోస్తున్నట్టు కనిపించేది ఇందుకే. దానివల్ల ఇంకో లాభం కలిసొచ్చింది. మట్టి రన్‌వే మీద లేచే రాళ్లు, దుమ్ము అంత ఎత్తుకు తేలిగ్గా చేరవు.

మొదటిసారి ఎగిరింది 1976 జులై 9న. దీన్ని నిజంగా కావాలనుకున్న మొదటి పెద్ద కొనుగోలుదారు భారత వాయుసేనే. ఇందిరాగాంధీకీ సోవియట్ నేత బ్రెజ్నెవ్‌కూ ఉన్న సఖ్యత కూడా ఈ ఒప్పందానికి సాయపడిందంటారు. 1984 జులైలో మొదటి విమానాలు మన చేతికొచ్చాయి. ఒలెగ్ ఆంటొనోవ్ అదే ఏడాది ఏప్రిల్‌లో చనిపోయారు. తన పేరు మోసే విమానం హిమాలయాల్లో పనిలోకి దిగడం ఆయన చూడలేదు. వాయుసేన దీనికి సట్లెజ్ అని పేరు పెట్టింది. వందకు పైగా కొన్నాం. ప్రపంచం మొత్తం మీద తయారైనవే నాలుగు వందల లోపు, అందులో మూడో వంతు దాకా మనవే. ఇంకెవరి కోసమో చేసిన సెకండ్ హ్యాండ్ సరుకులాగా దీని గురించి మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

వాయుసేనలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మా వీధిలో ఉంటారు. ఈ విమానంలో సరుకు ఎక్కించడం, దించడం చాలా ఏళ్లు చూసినవారు. నేను ఇంజిన్ల గురించి అడుగుతుంటే ఆయన, "ఇంజిన్ సంగతి పైలట్లనడుగు బాబూ, నాకు తోక సంగతి తెలుసు" అని వెనక తలుపు గురించే చెప్పుకొచ్చారు. ఆ తలుపు చూడ్డానికి మామూలు ర్యాంప్‌లాగే ఉంటుంది, కిందికి వాలుస్తే జీపు తిన్నగా లోపలికెళ్తుంది. కానీ దానికి రెండో పద్ధతి కూడా ఉంది. వాలడం మానేసి, పట్టాల మీద ముందుకు జరిగి విమానం పొట్ట కిందికి వెళ్లిపోతుంది. అప్పుడు వెనక భాగం పూర్తిగా తెరుచుకుంటుంది. లారీని రివర్స్‌లో తెచ్చి ఆనిస్తే లారీ తొట్టి, విమానం నేల దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. ఒక బస్తా కూడా భుజానికెత్తక్కర్లేదు, నెట్టేయడమే. లోపల పైకప్పుకు ఒక చిన్న క్రేన్ కూడా ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ ఉండదు, కూలీలు పది మంది దొరకరు, ఎండెక్కేలోపు తిరిగి లేచిపోవాలి, అలాంటి చోట ఈ తలుపు విలువ తెలుస్తుందని ఆయన అన్నారు. గాల్లోంచి సరుకు జారవిడవడానికి కూడా ఇదే దారి. పారాచూట్ లేకుండా వదిలే బియ్యానికైతే ఒకదానిలో ఒకటిగా రెండు గోనె సంచులు వేసేవారట, లోపలిది పగిలినా బయటిది గింజల్ని పట్టి ఉంచుతుందని. ఆయన చేతులతో ఆ మూతి ఎలా కట్టేవారో చూపించారు. నేలను తాకేటప్పుడు సంచిలో చోటు ఉండాలి కాబట్టి బిగించి నింపకూడదు, అదీ అందులో కిటుకు.

ఈ విమానం పేరు ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది 1987 జూన్ 4న. జాఫ్నాలో శ్రీలంక సైన్యం దిగ్బంధంలో తమిళులు చిక్కుకుని ఉన్నారు. ముందు రోజు మనం పడవల్లో పంపిన సాయాన్ని శ్రీలంక నౌకాదళం వెనక్కి తిప్పేసింది. మర్నాడు బెంగళూరు నుంచి ఐదు ఏఎన్-32లు లేచాయి, తోడుగా మిరాజ్-2000 యుద్ధ విమానాలు. దాదాపు 25 టన్నుల ఆహారం, మందులు జాఫ్నా మీద జారవిడిచి తిరిగొచ్చాయి. దాని రాజకీయం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, తర్వాత అక్కడికి మనం పంపిన శాంతి సేన ఐపీకేఎఫ్‌తో ఏం జరిగిందో మనకు తెలుసు. కానీ అంతా అయ్యాక లెక్క చూస్తే, ఒక పరాయి ఆకాశంలోకి బరువుతో, మెల్లగా, ఆయుధం లేకుండా వెళ్లిన సిబ్బంది ఈ విమానంలో ఉన్నారు.

లద్దాఖ్‌లో మరో ముచ్చట ఉంది. దౌలత్ బేగ్ ఓల్డీ అని చైనా సరిహద్దు పక్కన, కారకోరం కనుమకు దగ్గర్లో ఒక ఎయిర్ స్ట్రిప్, 16,600 అడుగుల ఎత్తు. 1960ల్లో ప్యాకెట్లు దిగేవి, తర్వాత ఆపేశారు. 43 ఏళ్ల తర్వాత, 2008 మే 31న, అక్కడ మళ్లీ దిగిన మొదటి విమానం ఏఎన్-32. కీవ్ వాళ్లు ఇది 4,500 మీటర్ల ఎత్తున్న రన్‌వేల దాకా పనిచేస్తుందని చెప్పుకున్నారు. దౌలత్ బేగ్ ఓల్డీ 5,000 మీటర్లు దాటింది. గాలి నలభై శాతం పలచన. రన్‌వే అంటే తారు రోడ్డు అనుకోకండి, గట్టిగా తొక్కిన నేల. అదే ఏడాది ఫుక్‌చే, మరుసటేడు న్యోమా. పెద్ద విమానం సి-130జె దౌలత్ బేగ్ ఓల్డీకి చేరింది 2013లో. అంటే ఐదేళ్లు ముందుగానే ఈ "తుక్కు" వెళ్లి దిగొచ్చింది.

యుద్ధం, సరిహద్దు పక్కన పెట్టండి. మామూలు జనం దీన్ని వాడుకున్న తీరు నాకు ఇంకా ఇష్టం. చలికాలంలో జోజిలా కనుమ మంచుతో మూసుకుపోతే కార్గిల్‌కు శ్రీనగర్ దారి ఉండదు. కార్గిల్ రన్‌వే చిన్నది, చుట్టూ కొండలు, మామూలు ఎయిర్‌లైన్స్ అక్కడికి రావు. అప్పుడు నడిచేదే కార్గిల్ కొరియర్, వాయుసేన ఏఎన్-32. ఆసుపత్రికెళ్లాల్సిన ముసలివాళ్లు, పరీక్షలున్న పిల్లలు, ఇరుక్కుపోయిన పెళ్లివారు, అందరూ జిల్లా యంత్రాంగం దగ్గర పేరు రాయించుకుని ఇందులోనే శ్రీనగర్‌కో, జమ్మూకో వెళ్తారు. గోడల వెంబడి మడత సీట్లు, గుండ్రటి చిన్న కిటికీలు, పక్క మనిషి మాట వినపడనంత రొద. ఎయిర్ హోస్టెస్ ఉండదు, టీ ఉండదు. ఇంటికి చేరడం ఉంటుంది. అరుణాచల్‌లో మయన్మార్ మూలన ఉన్న విజయనగర్‌దీ ఇదే బతుకు. దారి లేక ఉప్పు కూడా బంగారంలా చూసుకున్న ఊరు, దశాబ్దాలు ఆకాశం నుంచి పడే సరుకు మీద ఆధారపడింది. 2019 సెప్టెంబర్‌లో అక్కడ రన్‌వే మళ్లీ తెరిచినప్పుడు దిగిందీ ఏఎన్-32నే.

బయటి దేశాల్లో దీని పౌర జీవితం రెండు రకాలుగా నడిచింది. ఉక్రెయిన్‌లో దీని ఒంటికి రెండు వైపులా ట్యాంకులు తగిలించి, 8 టన్నుల నీళ్లు అడవి మంటల మీద కుమ్మరించే రకం తయారు చేశారు. కొలంబియా అడవుల్లో చిన్న చిన్న మట్టి స్ట్రిప్‌లకు డీజిల్, సిమెంటు, కూరగాయలు మోసింది. ఇంకోవైపు కిన్షాసా. 1996 జనవరి 8న, అప్పటి జైర్ రాజధానిలో, ఊరి నడిమధ్యనున్న ఎన్‌డోలో విమానాశ్రయం నుంచి ఒక ఏఎన్-32 మోయలేనంత బరువుతో లేవబోయింది. లేవలేదు. రన్‌వే దాటి పక్కనే కిటకిటలాడుతున్న సంతలోకి దూసుకెళ్లింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ కూరలు అమ్ముకునేవాళ్లు, కొనుక్కునేవాళ్లు. ఆ విమానం ముసలిదేమీ కాదు. అనుమతులు సరిగా లేని సరుకు, అద్దె మీద అద్దె, ఎంత బరువెక్కిందో చూసే నాథుడు లేడు. దౌలత్ బేగ్ ఓల్డీలో దిగిన విమానమూ, కిన్షాసా సంతలోకి దూసుకెళ్లిన విమానమూ ఒకే మోడల్.

ఇక మన విశాఖ మరిచిపోలేని రోజు. 2016 జులై 22, శుక్రవారం. చెన్నై పక్కన తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు మామూలుగా వెళ్లే కొరియర్ విమానం, పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో లేచింది. 29 మంది. బంగాళాఖాతం మీద 23,000 అడుగుల ఎత్తులో ఉండగా రాడార్ మీద ఎడమకు తిరిగి, వేగంగా ఎత్తు కోల్పోయి మాయమైంది. ఆ 29 మందిలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. సైనికులు కారు, డ్యూటీ మీద అండమాన్ వెళ్తున్న సివిల్ ఉద్యోగులు. విశాఖలో ఎన్ఏడీ జంక్షన్ మీదుగా రోజూ లక్షల మంది తిరుగుతారు, ఆ మూడక్షరాలు ఈ డిపోవే. అండమాన్‌లో శ్రీకాకుళం, విశాఖ నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలా మంది, మా బంధువులు కూడా ఉన్నారు, అందుకని ఆ వారమంతా ఇక్కడా అక్కడా ఫోన్లు ఆగలేదు. నౌకలు, విమానాలు, జలాంతర్గామి, అన్నీ వెతికాయి. ఏమీ దొరకలేదు. సెప్టెంబర్‌లో, అందరూ చనిపోయినట్టుగా భావించాలని కుటుంబాలకు చెప్పారు.

ఇక్కడే నా వాదనంతా ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఆ విమానం ఓవర్‌హాల్ అయి, అంటే మొత్తం విప్పి బాగుచేయించుకుని, వచ్చింది. ఆ తర్వాత మూడు వందల గంటలు కూడా ఎగరలేదని ప్రభుత్వమే అప్పట్లో చెప్పింది. కాబట్టి "పాతది, అరిగిపోయింది" అన్న జవాబు ఇక్కడ అతకదు. అందులో ప్రమాద సమయంలో సిగ్నల్ పంపే బీకన్లు ఉన్నాయి. కానీ అవి రేడియో తరంగాలతో పనిచేసేవి, ఉప్పు నీళ్లలోంచి రేడియో సిగ్నల్ పైకి రాదు. నీళ్లలో పడితే "టిక్ టిక్"మని శబ్ద సంకేతాలిచ్చే బీకన్ వేరే ఉంటుంది, ప్రయాణికుల జెట్ విమానాల బ్లాక్ బాక్సులకు తగిలించి ఉండేది అదే, కనీసం నెల రోజుల బ్యాటరీ ఉంటుంది. ఆ విమానానికి అది లేదని అప్పుడే పత్రికల్లో వచ్చింది. వారం వారం సముద్రం మీద గంటల తరబడి ఎగిరే కొరియర్‌కు, నీళ్లలో పడితే పిలిచే గొంతు లేదు. ఇది ఆంటొనోవ్ 1976లో చేసిన తప్పు కాదు కదా? అరచేతిలో పట్టే పరికరం. కొని తగిలించడానికి మనకు 32 ఏళ్ల టైం ఉంది.

పైగా ఇది మొదటిసారి కూడా కాదు. 1986 మార్చి 25న, సోవియట్ యూనియన్ నుంచి మస్కట్ మీదుగా జామ్‌నగర్‌కు తెస్తున్న ఒక కొత్త ఏఎన్-32 అరేబియా సముద్రం మీద మాయమైంది. ఏడుగురు. ఆ విమానం ఇప్పటికీ దొరకలేదు. ఒకసారి సముద్రం మింగేశాక, ముప్ఫై ఏళ్ల తర్వాత ఇంకో సముద్రం మీద అదే రకంగా పోయింది.

2016 విమానం చివరికి దొరికింది, 2024 జనవరిలో. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషి లేని జలాంతర వాహనం, చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున, సముద్రపు అడుగున పడి ఉన్న శకలాల ఫొటోలు తీసింది. ఆ ప్రాంతంలో కనిపించకుండా పోయిన విమానం ఇంకేదీ లేదు కాబట్టి ఇవి ఏఎన్-32వే అయి ఉంటాయని రక్షణ శాఖ చెప్పింది. ఏడున్నర ఏళ్లు! ఆ ఏడున్నర ఏళ్లలో విశాఖలో ఆ ఇళ్లలో పిల్లలు చదువులు పూర్తి చేసుకుని ఉంటారు. శవం చూడని చావుకు కర్మ చేయాలా వద్దా, దినం ఎప్పుడు పెట్టుకోవాలి, పెద్దవాళ్లు ఏ ఆశతో బతకాలి, ఇవి మన ఇళ్లలో ఎంత బరువైన ప్రశ్నలో నేను చెప్పక్కర్లేదు. ఒక చిన్న బీకన్ అక్కడ మోగి ఉంటే అవన్నీ వారాల్లో తేలే అవకాశం ఉండేది.

2016 ప్రమాదం జరిగి మూడేళ్లు తిరక్కుండానే అరుణాచల్. 2019 జూన్ 3న అస్సాంలోని జోర్హాట్ నుంచి మెచుకాకు వెళ్తున్న ఏఎన్-32, 13 మందితో కనిపించకుండా పోయింది. ఎనిమిది రోజుల తర్వాత లిపో గ్రామానికి ఉత్తరాన 12,000 అడుగుల ఎత్తులో శకలాలు కనపడ్డాయి. ఎవరూ బతకలేదు. ఎనిమిది రోజులు ఎందుకు పట్టింది? మేఘాలు, అడవి, నిట్టనిలువు కొండలు, నిజమే. కానీ ఆ విమానంలో ఉన్న బీకన్ సేబర్-8 అనే పాత రకమని, తయారీ కూడా ఎప్పుడో ఆగిపోయిందని అప్పుడు వార్తలొచ్చాయి. ఆ తరం బీకన్లు వాడే 121.5 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను అంతర్జాతీయ శాటిలైట్ వ్యవస్థ వినడం మానేసింది 2009 ఫిబ్రవరి 1న. అందరూ 406 మెగాహెర్ట్జ్‌కు మారండని ఏళ్ల ముందు నుంచీ చెప్పి మరీ మానేసింది. పదేళ్ల తర్వాత కూడా మనవాళ్లు కొండల్లోకి పాత బీకన్‌తో వెళ్తున్నారంటే, అది ఎవరో ఒక ఆఫీసులో ఫైలు కదలకపోవడం. దాన్ని విమానం వయసు ఖాతాలో రాసేస్తున్నాం.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది చదివితే ఒళ్లు మండుతుంది. 2009 జూన్ 9న, అదే మెచుకా నుంచి తిరిగొస్తున్న ఇంకో ఏఎన్-32 అదే కొండల్లో కూలింది, అప్పుడూ 13 మందే పోయారు. సరిగ్గా అదే నెలలో ఉక్రెయిన్‌తో ఒప్పందం కుదిరింది: 40 కోట్ల డాలర్లు, 105 విమానాలకు కొత్త రాడార్, కొండ దగ్గర పడితే హెచ్చరించే వ్యవస్థ, ఎదురుగా వచ్చే విమానాన్ని పసిగట్టే వ్యవస్థ, శాటిలైట్ నావిగేషన్, ఇంకా ఎన్నో. 40 విమానాలు ఉక్రెయిన్‌లో చేసుకురావాలి, మిగతావి మన కాన్పూర్ డిపోలో. ఉక్రెయిన్‌లో చేసినవి వచ్చాయి. కాన్పూర్‌వి నత్తనడక నడిచాయి, 2014 తర్వాత విడిభాగాలు రావడం కష్టమైంది. 2019లో మెచుకా దగ్గర కూలింది ఆధునికీకరణ ఇంకా అందని విమానమని అప్పట్లో చెప్పారు. పదేళ్ల కింద సంతకం పెట్టిన మందు ఆ రోగికి చేరలేదు.

కొండ లోయల్లో ఎగరడం తెలియనివాళ్లు, మబ్బు పడితే పైకెళ్లిపోవచ్చుగా అంటారు. మెచుకా దారిలో లోయ సన్నం, రెండు పక్కలా కొండలు విమానం ఎక్కగలిగిన దానికంటే నిటారుగా లేస్తాయి. ఒక మలుపు తప్పు లోయలోకి తిరిగితే వెనక్కి తిరిగే వెడల్పు ఉండదు. మధ్యాహ్నం దాటాక మబ్బు ఎటునుంచి కమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట పైలట్‌కు "ముందు కొండ ఉంది" అని అరిచి చెప్పే పెట్టె ఎంత విలువైనదో, అది లేకుండా పంపడం ఎంత అన్యాయమో!

ఇక "కొత్త రవాణా విమానం సి-295 వచ్చేసిందిగా, ఇక వీటితో పనేంటి" అనేవాళ్లకు. 2021 సెప్టెంబర్‌లో 56 సి-295లకు ఒప్పందం జరిగింది, 16 స్పెయిన్ నుంచి, 40 వడోదరలో టాటాలు తయారు చేస్తారు. మంచి విమానమే, సంతోషమే. కానీ ఆ ఒప్పందం ఆవ్రోలను మార్చడానికి. అంటే హెచ్ఎస్-748 రవాణా విమానాలు, ఇంకా పాత తరం. ఏఎన్-32 స్థానంలో రష్యాతో కలిసి ఒక మధ్యతరహా రవాణా విమానం చేద్దామని 2007లోనే రెండు ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. 2010లో కంపెనీ కూడా పెట్టారు. ఇంజిన్ విషయంలో, ఖర్చు విషయంలో పొసగక 2016 వచ్చేసరికి అది మూలపడింది. తర్వాత 2022 చివర్లో వాయుసేన మళ్లీ మొదటి నుంచి, 18 నుంచి 30 టన్నుల రవాణా విమానాలు ఎవరి దగ్గరున్నాయో చెప్పండని కంపెనీలను అడిగింది. పదిహేనేళ్లు తిరిగి మొదటి మెట్టు మీదికే వచ్చాం.

ఆధునికీకరణ చేసిన విమానాల ఆయుష్షు 40 ఏళ్లకు పొడిగించారు. 1984లో వచ్చిన దానికి 40 కలపండి, 2024 అయిపోయింది. చివరి బ్యాచ్‌లకు కలిపినా 2030ల మొదట్లోనే గడువు. ఇంజిన్లు చేసే జపోరీజ్యా ఇవాళ యుద్ధరంగానికి కూతవేటు దూరం. కీవ్‌లో ఆంటొనోవ్ ఫ్యాక్టరీ మీద 2022 మార్చిలో దాడి జరిగింది. ఆంటొనోవ్ సంస్థ దీని వారసుడిగా సౌదీతో కలిసి ఏఎన్-132 అని ఒకటి చేసి 2017లో ఎగరేసింది, రష్యా భాగాలు లేకుండా, కెనడా ఇంజిన్లతో, అదీ ముందుకు సాగలేదు. అటు నుంచి ఇక సాయం ఆశించలేం. మనవాళ్లు ఊరికే కూర్చోలేదు, అది కూడా చెప్పాలి. డెహ్రాడూన్ శాస్త్రవేత్తలు అడవి ఆముదం గింజల నుంచి తీసిన ఇంధనాన్ని పది శాతం కలిపి, 2018 డిసెంబర్‌లో ఎగరేసింది ఏఎన్-32నే, 2020 జనవరిలో అదే మిశ్రమంతో లేహ్‌లో దిగారు. ఇంత లోతుగా తెలిసిన విమానం మన దగ్గర ఇంకోటి లేదు. దాన్ని విప్పి బిగించగలం, కొత్త నూనె పోసి హిమాలయం ఎక్కించగలం. బీకన్ మార్చడం దానికంటే కష్టమా?

కొత్త విమానం ఒప్పందం రేపే కుదిరినా మొదటిది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోపు జోజిలా మూసుకుంటుంది, కార్గిల్‌లో ఎవరో ఒకరికి నెప్పులొస్తాయి, విజయనగర్‌కు ఉప్పు కావాలి. ఎగరాల్సింది ఏఎన్-32లే. అందుకని నేను అడిగేవి ఇవే. ఎగిరే ప్రతి ఏఎన్-32లోనూ 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఉందని, సముద్రం మీదికెళ్లే ప్రతిదానికీ నీళ్లలో మోగే బీకన్ ఉందని రక్షణ శాఖ పార్లమెంటులో లెక్కతో సహా చెప్పాలి. కాన్పూర్‌లో ఇంకా ఆధునికీకరణ అందని విమానాలు ఎన్ని మిగిలాయో చెప్పాలి, అవి పూర్తయ్యేదాకా వాటిని మెచుకా లాంటి లోయల్లోకి పంపకూడదు. 3,400 మీటర్ల లోతున శకలాలు ఎక్కడున్నాయో తెలిసింది కాబట్టి, బ్లాక్ బాక్స్ పైకి తీసే ప్రయత్నం జరుగుతుందో లేదో ఆ 29 కుటుంబాలకు రాతపూర్వకంగా చెప్పాలి, విశాఖలోని ఎనిమిది ఇళ్లకు తెలుగులో చెప్పాలి.